అడ్డపొగ

చుట్టేది కాబట్టి చుట్ట. దాని పొగాకుకు పేరు లంకాకు. కొల్లేటివాళ్లకు లంక అంటే గుడివాకలంక, కోమటిలంకలా సరస్సు నడుమ ఊరు. ఈ ఆకు పేరులోని లంక మాత్రం గోదావరిలో మేట వేసిన దిబ్బ. జంగారెడ్డిగూడెం వేలానికి వెళ్లే వర్జీనియా వేరు, అది సిగరెట్లకు.

ఇక 'అడ్డ' అంటే తీరు తప్పినది: అడ్డదారి, అడ్డదిడ్డం. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. చేతులు పనిలో ఉన్నా, గాలి వీస్తున్నా చుట్ట ఆరదు. కానీ ఆ వేడంతా అంగిలికే తగులుతుంది. అక్కడి పొర తెల్లగా మందమై, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. మామూలుగా పొగతాగేవారిలో అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ వీరిలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ సంగతి ఆసుపత్రి రిజిస్టర్లలో కన్నా ఊళ్లలోనే బాగా తేలింది. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థకు చెందిన మెహతా, గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రకటించారు. ఊరూరా తిరిగి, ఒక్కొక్కరి నోరు తెరిపించి చూసిన ఆ ఓపికకు దండం పెట్టాలి. అలవాటుకు, జబ్బుకు ఉన్న లంకెను పట్టుకునే అసలైన పద్ధతి అదే.

మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో అడ్డపొగ తాగుతుంటే, ఈ వారమే అంగిలిని దంతవైద్యుడికి చూపించండి.