పగటి సాక్ష్యం, రాత్రి రోగి: ఛాతీ నొప్పిలో సీటీ యాంజియో

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబర్ 22న. ఆ తర్వాత గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాకా పాకిన ఐటీ కారిడార్‌లో అమెరికా వేళలకు తగ్గ రాత్రి షిఫ్టులు మామూలయ్యాయి. అర్ధరాత్రి దాటాక ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చే ముప్పై అయిదేళ్ల ఉద్యోగికి సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ ఎంతవరకు అక్కరకొస్తుందన్నది ఇక్కడి ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని, సాక్ష్యాలు ఒక్కతాటిపై లేవు.

1. ముందు పరిధి. ఈసీజీలో ఎస్‌టీ ఎలివేషన్ కనిపిస్తే సీటీ ప్రసక్తే ఉండదు, రోగి క్యాథ్ ల్యాబ్‌కు వెళ్లాలి. చర్చంతా ఈసీజీ, ట్రోపోనిన్ రెండూ ఏమీ తేల్చని, గుండెజబ్బు ముందుగా బయటపడని, మధ్యస్థ ముప్పు గల రోగి గురించే. 2021 నాటి అమెరికా మార్గదర్శకాలు సీటీ యాంజియోను గట్టిగా సిఫారసు చేసింది కూడా ఈ వర్గానికే.

2. ఆ సిఫారసు వెనుక ఉన్న ప్రధాన ఆధారాల్లో ఒకటి 2012లో వెలువడిన రోమిక్యాట్-2. అమెరికాలోని 9 ఆసుపత్రుల్లో 1,000 మందిపై జరిగింది. సీటీ వల్ల ఆసుపత్రిలో గడిపే సమయం సగటున 7.6 గంటలు తగ్గిందని తరచు ఉటంకిస్తారు. అదే అధ్యయనంలో మధ్యగత విలువలు చూస్తే 26.7 గంటలు 8.6కు దిగాయి, అంటే తేడా 18 గంటలు. రెండూ నిజమే. త్వరగా ఇంటికి వెళ్లినవారు చాలామంది, చిక్కుకుపోయిన కొద్దిమంది చాలాసేపు ఉండిపోయారన్నది ఈ వ్యత్యాసానికి సంభావ్య వివరణ. మూల్యం కూడా ఉంది: సీటీ వర్గంలో రేడియేషన్ సగటున 13.9 మిల్లీసీవర్టులు, మామూలు పద్ధతిలో పరీక్షించిన రెండో వర్గంలో 4.7. అయితే యంత్రాలు అప్పటికీ ఇప్పటికీ మారాయి కనుక ఈ అంకెను నేటికి యథాతథంగా అన్వయించడం సరికాకపోవచ్చు.

అంతగా ప్రస్తావనకు రాని పరిమితులు రెండు. చేర్చుకున్నది 40 నుంచి 74 ఏళ్ల వారిని. అదీ పనిదినాల్లో, పగటివేళ. మన కారిడార్ రోగి ఈ రెండు గీతలకూ అవతలే ఉన్నాడు.

3. వయసు విషయంలో కొంత ఊరట 2012లోనే వచ్చిన ఆక్రిన్-పీఏ అధ్యయనం. ముప్పై ఏళ్లు పైబడినవారిని తీసుకున్న ఆ 1,370 మందిలో సీటీ నెగెటివ్ వచ్చినవారు 640. నెల రోజుల్లో వారిలో ఒక్కరికీ మరణం గాని గుండెపోటు గాని సంభవించలేదు.

4. కాలం గడిచేకొద్దీ లాభం పలచబడినట్లు కనిపిస్తుంది. హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ అందుబాటులో ఉన్న నెదర్లాండ్స్‌లో 500 మందిపై జరిగిన బీకన్ (2016) అధ్యయనంలో ఆసుపత్రి సమయం రెండు వర్గాల్లోనూ 6.3 గంటలే. బ్రిటన్‌లో 1,748 మందిపై జరిగిన ర్యాపిడ్-సీటీసీఏ (2021)లో ఏడాదిలో మరణం లేదా గుండెపోటు 5.8, 6.1 శాతాలు, చెప్పుకోదగ్గ తేడా కాదు. అక్కడి రోగుల ముప్పు మాత్రం ఎక్కువ. కాబట్టి వీటిని రోమిక్యాట్‌కు ఖండనగా చదవడం తొందరపాటు.

5. మనవారి వయసు. ఇంటర్‌హార్ట్ విశ్లేషణ (2007) ప్రకారం దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకు, ఇతరులకు 58.8కి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన 2025 నాటి అధ్యయనం 84 శాతం మందిలో కాలేయపు కొవ్వును గుర్తించింది. కాలేయంలో కొవ్వు, ధమనిలో పూడిక ఒకటి కావు. జీవక్రియ చెడుతోందన్న సూచన వరకే దానిని తీసుకోవాలి. ఈ వయసువారి విషయంలో మరో పొరపాటూ జరుగుతుంటుంది. హెల్త్ చెకప్‌లో క్యాల్షియం స్కోర్ సున్నా వచ్చిందన్న కాగితం సీటీ యాంజియోకు బదులు కాదు. సున్నా అంటే గట్టిపడిన పూడిక కనబడలేదనే. యువకుల్లో మెత్తటి పూడిక ఉండే అవకాశం అలాగే మిగులుతుంది.

6. ఇక గంటల లెక్క. రోమిక్యాట్ గంటలు ఆసుపత్రి గుమ్మం దాటాక మొదలవుతాయి. గుమ్మం దాకా పట్టే సమయాన్ని మన దేశంలో లెక్కించినది క్రియేట్ రిజిస్ట్రీ (2008): 89 కేంద్రాల్లో 20,468 మందికి, నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరేవరకు మధ్యగత వ్యవధి 360 నిమిషాలు. గ్యాస్ నొప్పిలే అనుకుని కూర్చోవడం అందులో ఎంత భాగమో ఆ అంకె చెప్పదు. పైగా ఆ వివరాలు 2001–2005 నాటివి, అంటే చాలావరకు 108 సేవకు ముందటివి: హైదరాబాద్‌లో 108 అంబులెన్సు రోడ్డెక్కింది 2005 ఆగస్టు 15న.