కత్తి పట్టడం నేర్చిన సంఘం: వినయపిటకంలో క్షురకర్మ

భిక్షువు పరిష్కారాల్లో పాత్రకూ చీవరానికీ దక్కిన గౌరవం క్షురానికి దక్కలేదు. బోధిసత్త్వుని పాత్రను దేవతలు మోసుకుపోయే దృశ్యం అమరావతి శిల్పులకు ప్రియమైన వస్తువు. భార్హుత్ శిల్పంలో బోధిసత్త్వుని చూడాపూజకు స్థానమూ ఉన్నది, దానికి శాసనమూ ఉన్నది. కాని నెలనెలా భిక్షువు తలను తాకిన ఇనుపకత్తిని ఎవరూ పూజాపీఠం మీద నిలపలేదు. పలుచని ఇనుపరేకు తేమనేలలో త్వరగా తుప్పుపట్టి రూపు కోల్పోతుంది. అందువల్ల ఈ పనిముట్టు చరిత్రకు తవ్వకాల కన్నా వినయగ్రంథాలే మెరుగైన ఆధారం.

చుల్లవగ్గలోని ఖుద్దకవత్థుఖంధకం ఈ విషయాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడుతుంది. భిక్షువుల జుట్టు పెరిగి ఉన్నది. ఒకరి తల ఒకరు గొరగగలరా అని బుద్ధుడు అడుగుతాడు. గొరగగలరని సమాధానం వస్తుంది. ఆపైన క్షురమూ, దానిని నూరే సానరాయీ, దాచే ఒరా, చుట్టిపెట్టే ఉన్నిగుడ్డా, మొత్తంగా క్షౌరసామగ్రి అంతా అనుమతి పొందుతాయి. జుట్టు పెరుగుదలకు రెండు నెలలో, రెండు అంగుళాలో హద్దు. కత్తెరతో జుట్టు కత్తిరించుకోరాదు. తలపై పుండు వంటి బాధ ఉన్నప్పుడే అందుకు మినహాయింపు. గడ్డాన్ని సోకుగా దిద్దుకోవడమూ, నెరసిన వెంట్రుకలను పీకించుకోవడమూ నిషిద్ధం.

ఈ వరుసలో ముఖ్యమైనది వస్తువుల జాబితా కాదు; దానికి ముందున్న ప్రశ్న. అనుమతి సామర్థ్యాన్ని అనుసరించి వచ్చింది. క్షురకుణ్ణి పిలిపించుకోవడం ఆనాటి గృహస్థులకు అలవాటు. పాళీలో అతని పేరు నహాపితుడు. స్నానం చేయించేవాడనే అర్థం ఆ మాటలోనే ఉన్నది. మఖాదేవ జాతకంలో రాజు తన తలలో తొలి నెరసిన వెంట్రుక కనిపించినప్పుడు చెప్పమని క్షురకుణ్ణే నియమిస్తాడు. దాన్ని చేతిలో పెట్టించుకుని చూసి, రాజ్యం విడిచి ప్రవ్రజిస్తాడు. ఈ కథ శాసనంతో సహా భార్హుత్‌లో చెక్కబడింది. రాజు తల మీద క్షురకుని చేయి సేవకు గుర్తు. సంఘంలో ఆ చేయి తోటి భిక్షువుది. కులాన్ని బట్టి ఒకరికి అంటగట్టిన పని అక్కడ అందరూ నేర్వవలసిన పని అయింది.

నేర్వడం సులభం కాదు. ఎవరి నడినెత్తి వారికి కనిపించదు. జుట్టును నీటితో బాగా నాననివ్వాలి. ఎడమచేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టాలి. కత్తిని నిలువుగా ఎత్తకుండా చర్మానికి దగ్గరగా వాల్చి, వెంట్రుక వాలిన దిశలో, చిన్న చిన్న లాగుళ్లతో నడపాలి. నడినెత్తి సుడి దగ్గర దిశ మారుతుంది. చెవి వెనుకా, మెడవంపులోనూ చర్మం మడత పడుతుంది. కొత్తవాడు చేసే సహజమైన తప్పు అదమడం. పదునుంటే కత్తి బరువే చాలు; పదును పోతే ఎంత అదిమినా వెంట్రుక తెగదు, చర్మం తెగుతుంది. కాబట్టి నేర్పు మొదలయ్యేది తల దగ్గర కాదు, సానరాయి దగ్గర. తేమ తగిలితే ధార తుప్పుపడుతుంది కనుక ఒరా, చుట్టుగుడ్డా కూడా అంతే అవసరం. ఆ అనుమతి జాబితా పని తెలిసిన చేతులను దృష్టిలో పెట్టుకున్నదని స్పష్టమవుతుంది.

ఇంతటి నేర్పు వృత్తిగా ముందే ఉన్నవాడి సంగతేమిటి? మహావగ్గలోని భేసజ్జఖంధకం ఆతుమా నగరంలోని ఒక వృద్ధ భిక్షువు కథ చెబుతుంది. అతడు పూర్వాశ్రమంలో క్షురకుడు. బుద్ధుడు వస్తున్నాడని విని, తన ఇద్దరు కొడుకులను అడపంతో ఇల్లిల్లూ తిప్పి, ఉప్పూ నూనే బియ్యమూ పోగుచేయిస్తాడు. ఆ విందును బుద్ధుడు స్వీకరించలేదు. పూర్వం క్షురకుడైనవాడు క్షౌరసామగ్రిని వెంట ఉంచుకోరాదని నియమం ఏర్పడింది.

ఒకే పిటకంలో భిక్షువులందరికీ కత్తి అనుమతించి, ఆ విద్య బాగా తెలిసినవాడికే నిషేధించడం పైకి అన్యాయంగా తోస్తుంది. కులాన్ని బట్టి తక్కువ చూపు అనడానికి ఉపాలి చరిత్ర అడ్డు వస్తుంది. శాక్యుల క్షురకుడైన ఉపాలికి తమకన్నా ముందు ప్రవ్రజ్య ఇవ్వమని అనురుద్ధుడు, ఆనందుడు మొదలైన శాక్యకుమారులే కోరారు. తమ వంశగర్వం అణగాలని వారి ఉద్దేశం. రాజగృహ సంగీతిలో వినయాన్ని వివరించినవాడు అతడే. ఆతుమా నియమానికి సమంతపాసాదిక ఇచ్చిన వివరణ చిక్కు విప్పుతుంది: ఇతరుల కత్తితో తల గొరగవచ్చు, కూలి తీసుకుని గొరగరాదు. నిషేధం విద్యకు కాదు, ఆ విద్యను తిరిగి జీవనోపాధిగా మార్చడానికి.

ఉపాలిని గూర్చి మరొక కథ 6వ శతాబ్ది చివర జ్ఞానగుప్తుడు చీనాభాషలోకి అనువదించిన బుద్ధచరిత్రలో ఉన్నది. బాలుడైన ఉపాలి బుద్ధుని తల గొరుగుతుంటాడు. బాగా చేస్తున్నాడా అని తల్లి అడుగుతుంది. బాగానే ఉన్నది గాని ఒళ్లు మరీ వంచుతున్నాడని జవాబు. పిల్లవాడు సర్దుకుంటాడు. తరువాత మరీ నిటారుగా ఉన్నాడనీ, ఆపై శ్వాస బరువుగా ఉన్నదనీ వింటాడు. ఒక్కొక్క దిద్దుబాటుతో ఒక్కొక్క ధ్యానంలో ప్రవేశించి, నాలుగవ ధ్యానం చేరేసరికి అతని చేతిలోని కత్తిని మరొకరు తీసుకోవలసి వస్తుంది. కత్తి పట్టేవాడు మొదట దిద్దుకోవలసింది నడుమునూ ఊపిరినీ అని ఈ పని ఎరిగిన వారెవరైనా ఒప్పుకుంటారు. కథ ఆ వృత్తిజ్ఞానాన్నే ధ్యానసోపానంగా మలచింది.

క్షురకర్మకు మరొక ముఖం సంఘబాధ్యత. తల్లిదండ్రులతో తగవుపడి ఆరామానికి వచ్చిన ఒక కమ్మరి యువకునికి భిక్షువులు ప్రవ్రజ్య ఇచ్చారు. వెతుక్కుంటూ వచ్చిన తల్లిదండ్రులకు, ఎరగని భిక్షువులు ఎరగమనే చెప్పారు. ఆరోపణ రాగా, ముండనానికి ముందు సంఘానికి తెలియజేయాలనే నియమం వచ్చింది. తల గొరగడం వెనక్కు తీసుకోలేని మార్పు కనుక, అది ఇద్దరి మధ్య రహస్యంగా జరగరాదు. ముండన సమయంలో కేశాలు, రోమాలు, నఖాలు, దంతాలు, త్వక్కు అనే ఐదింటిని ధ్యానవస్తువుగా ఉపదేశించడం థేరవాద సంప్రదాయం. మల్లపుత్రుడు దబ్బుడు ఏడేండ్ల ప్రాయంలో, తల గొరగడం ముగిసేలోపే అర్హత్త్వం పొందాడని అట్టకథలు చెబుతాయి.

7వ శతాబ్దిలో నాలందాలో చదివిన ఇత్సింగ్, భిక్షువుకు అవసరమైన 13 వస్త్రాల్లో గొరిగిన జుట్టు పట్టే గుడ్డను లెక్కించాడు. నేడు థాయిలాండ్ విహారాల్లో పున్నమి ముందురోజున భిక్షువులు ఒకరికొకరు తల గొరుగుకుంటారు. అక్కడ కనుబొమలూ తీసివేస్తారు. మడతకత్తి స్థానంలో చాలాచోట్ల బ్లేడు బిగించే రేజరు వచ్చింది. సానరాయి పని తగ్గిపోయింది. అయినా చుల్లవగ్గలోని ప్రశ్న మారలేదు. విహారాల పనిముట్లను నమోదు చేసే పరిశోధకులు పాత్ర పక్కన క్షురాన్నీ, సానరాయినీ, జుట్టు పట్టే గుడ్డనూ నమోదు చేయాలి. వాటిని వాడే క్రమాన్ని వృద్ధ భిక్షువుల నోటినుండి రాసుకోవాలి. వస్తువు మ్యూజియంలో నిలుస్తుంది. ఒకరి తలను ఒకరి చేతికి అప్పగించే నమ్మకం మాత్రం నేర్పేవారూ నేర్చేవారూ ఉన్నంతకాలమే నిలుస్తుంది.