ట్రావెల్ ట్రైలర్ మంచినీటి వ్యవస్థ

కారు లేదా చిన్న ట్రక్కు వెనుక తగిలించి లాగుకొనిపోవడానికి, లోపల నివసించడానికి వీలుగా నిర్మించిన బండిని ట్రావెల్ ట్రైలర్ అంటారు. ఇందులో త్రాగడానికి, వంటకు, స్నానానికి కావలసిన నీటిని నిలువచేసి కుళాయిలకు అందించే ట్యాంకు, పంపు, గొట్టాలు, వాల్వులు అన్నీ కలిసి మంచినీటి వ్యవస్థ అవుతుంది. వాడిన నీటిని, మరుగుదొడ్డి నీటిని నిలువచేసే ట్యాంకులు దీనినుండి పూర్తిగా వేరుగా ఉంటాయి. అమెరికా, కెనడా దేశాలలో ఈ బండ్ల వాడకం ఎక్కువ. ట్రైలర్ల నేల, గోడలు చాలావరకు పలుచని చెక్కతో కట్టినవి కావడంవల్ల, నెలల తరబడి కనబడకుండా కారే చిన్న చుక్క కూడా నేలను కుళ్ళబెట్టగలదు. అందుచేత ఈ వ్యవస్థ మరమ్మతులో బిగించడం, అతకడం కంటే నీరు ఎక్కడ కారుతున్నదో సరిగా గుర్తించడమే ముఖ్యమైన పని.

నేపథ్యం

తొలినాటి ట్రైలర్లలో నీటిని డబ్బాలలో తీసుకొని వెళ్ళేవారు. లేదా చేతిపంపుతో చిన్న తొట్టినుండి తోడుకొనేవారు. వాలీ బయామ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో విడుదల చేసిన క్లిప్పర్ అనే ట్రైలర్‌లో సొంత నీటి ఏర్పాటు, విద్యుద్దీపాలు ఉండేవి. తరువాతి కాలంలో 12 వోల్టుల బ్యాటరీతో నడిచే పంపులు వ్యాపించడంతో, కుళాయి తిప్పగానే ఇంటిలోవలె నీరు రావడం సాధారణమైంది. నేడు అమెరికాలో ఈ బండ్ల తయారీకి ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ పరిసరాలు ప్రధాన కేంద్రం.

శిబిర స్థలాలలో నీటి కనెక్షన్ ఉన్నప్పుడు ట్యాంకుతో పెద్దగా పనిలేదు. కాని అరిజోనాలోని క్వార్ట్‌జైట్ పరిసరాల ఎడారి వంటి చోట్ల ఎవరి స్థలానికీ ప్రత్యేకంగా నీటి కనెక్షన్ ఉండదు. చలికాలం గడపడానికి అక్కడికి చేరే విశ్రాంత ఉద్యోగులకు, తిరిగి నింపుకొనేవరకు ట్యాంకులోని నీరే ఆధారం.

నిర్మాణం

తెలుగువారి ఇళ్ళలో ట్యాంకు సాధారణంగా డాబామీద ఉంటుంది. నీరు తన బరువుతోనే కుళాయికి దిగుతుంది. ట్రైలర్‌లో దీనికి విరుద్ధంగా ట్యాంకు నేల క్రింద గాని, మంచం లేదా సోఫా అడుగున గాని ఉంటుంది. బరువైన ట్యాంకు ఎంత దిగువన ఉంటే బండి అంత నిలకడగా సాగుతుంది. కాబట్టి నీరు పైకి ఎక్కడానికి పంపు తప్పనిసరి.

ట్యాంకు: పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్‌తో అతుకులు లేకుండా పోతపోసి తయారుచేస్తారు. సాధారణ పరిమాణం 20 నుండి 60 గాలన్లు, అనగా సుమారు 75 నుండి 230 లీటర్లు. 40 గాలన్ల ట్యాంకు నిండితే నీటి బరువే దాదాపు 150 కిలోలు. ట్యాంకుకు నీరు నింపే దారి, పంపుకు వెళ్ళే దారి, ఖాళీచేసే దారి, గాలి పోయే సన్నని గొట్టం ఉంటాయి. గాలిగొట్టం మూసుకుపోతే నింపేటప్పుడు నీరు వెనక్కు ఎగదన్నుతుంది.

పంపు: ఇందులో రబ్బరువంటి పలుచని పొర ముందుకు, వెనుకకు కదిలి నీటిని తోస్తుంది. గొట్టాలలో పీడనం నిర్ణీత స్థాయికి చేరగానే పీడన స్విచ్చి పంపును ఆపుతుంది. కుళాయి విప్పి పీడనం తగ్గగానే తిరిగి నడిపిస్తుంది. ఈ స్థాయి చాలా పంపులలో చదరపు అంగుళానికి 45 నుండి 55 పౌండ్లు. 50 పౌండ్ల పీడనం సుమారు 35 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు ఇచ్చే పీడనంతో సమానం. ట్యాంకు అంచున నిలిచి ఉండే చుక్క, పంపు తరువాతి గొట్టంలో చిమ్మే ధార కావడానికి కారణమిదే. పంపుకు ముందు చెత్తను ఆపే చిన్న వడపోత జాలీ ఉంటుంది.

గొట్టాలు: పాత ట్రైలర్లలో రాగి గొట్టాలు ఉండేవి. 1970ల చివరినుండి 1990ల మధ్యవరకు బూడిదరంగు పాలీబ్యుటిలీన్ గొట్టాలు వాడారు. నీటిలోని క్లోరిన్‌వల్ల ఇవీ, వీటి ప్లాస్టిక్ జాయింట్లూ పెళుసెక్కి పగలడంతో, ఇళ్ళ యజమానులు వేసిన సామూహిక దావా 1995లో 95 కోట్ల డాలర్ల ఒప్పందంతో పరిష్కారమైంది. ఆ తరువాత పెక్స్ అనే గొట్టాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. పెక్స్ అంటే అణుగొలుసులను ఒకదానితో ఒకటి అడ్డంగా ముడివేసిన పాలీఇథిలీన్. ఇది వంగుతుంది, బండి కుదుపులను తట్టుకుంటుంది.

బయటి కనెక్షన్: శిబిర స్థలంలోని కుళాయినుండి నేరుగా నీరు తీసుకోవడానికి గోడలో ఒక ద్వారం ఉంటుంది. అందులో నీటిని లోపలికి మాత్రమే వదిలే చెక్ వాల్వు ఉంటుంది. పంపులో కూడా అటువంటిదే మరొకటి ఉండి, బయటినుండి వచ్చిన నీరు ట్యాంకులోకి పోకుండా ఆపుతుంది. కొన్నిచోట్ల బయటి నీటి పీడనం చాలా ఎక్కువగా ఉంటుంది కనుక, కుళాయివద్దనే పీడన నియంత్రకం తగిలించాలి.

లోపాలను గుర్తించడం

నీరు కనబడిన చోటే కారుతున్నదని భావించరాదు. నేల క్రింద, గోడల వెనుక నీరు పల్లమున్న దిక్కుకు ప్రాకి, బండి మరొక చివర బయటపడవచ్చు. అందుకే ముందుగా లోపం పంపుకు ముందున్నదా, తరువాత ఉన్నదా అని తేల్చుకోవాలి. పంపు ఆగి ఉన్నప్పుడు, పంపు నడిచినప్పుడు, బయటి నీరు కలిపినప్పుడు వేరువేరుగా పరీక్షిస్తే ఈ విషయం తేలుతుంది.

* పంపు ఆపి ఉంచినా ట్యాంకులో నీరు తగ్గుతున్నది: ట్యాంకు, దాని జాయింట్లు, ఖాళీచేసే వాల్వు, పంపుకు వెళ్ళే గొట్టం – వీటిలో ఏదో కారుతున్నది.
* కుళాయిలన్నీ కట్టివేసినా పంపు అప్పుడప్పుడు కొద్ది క్షణాలు నడుస్తున్నది: పంపు తరువాతి గొట్టాలలో కారుదల ఉంది, లేదా పంపులోని చెక్ వాల్వు నీటిని వెనక్కు వదులుతున్నది.
* బయటి నీరు కలిపినప్పుడు ట్యాంకు దానంతట అదే నిండుతున్నది: పంపులోని చెక్ వాల్వు చెడింది. ట్యాంకు నింపే వాల్వు ఉన్న బండ్లలో, అది పూర్తిగా మూసి ఉన్నదో లేదో ముందు చూడాలి.
* పంపు నడిచినప్పుడు బయటి కనెక్షన్ ద్వారంనుండి నీరు కారుతున్నది: ఆ ద్వారంలోని చెక్ వాల్వు చెడింది.
* పంపు ఆగకుండా నడుస్తున్నా నీరు రావడంలేదు: ట్యాంకు ఖాళీ అయి ఉండవచ్చు, జాలీ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా పంపు ముందు భాగంలో ఎక్కడో గాలి పీల్చుకుంటున్నది.

చివరిది తరచు మోసం చేస్తుంది. పంపుకు ముందున్న గొట్టంలో నీరు తోయబడదు, పీల్చబడుతుంది. కాబట్టి అక్కడి వదులు జాయింటునుండి నీరు బయటికి రాకుండానే గాలి లోపలికి పోవచ్చు. చుక్క కారకపోయినా పంపు నీటిని అందుకోలేదు. జాలీ గిన్నె మూతక్రింద ఉండే రబ్బరు వాషరు సరిగా కూర్చోకపోవడం దీనికి సాధారణ కారణాలలో ఒకటి.

లోపం లేకుండానే నీరు తగ్గే సందర్భం కూడా ఉంది. నిండు ట్యాంకుతో ప్రయాణించేటప్పుడు నీరు అలలుగా లేచి గాలిగొట్టంలో ప్రవేశించి, సైఫన్ పద్ధతిలో రోడ్డుమీద పడిపోతుంది. గమ్యం చేరాక ట్యాంకు పగిలిందని భ్రమపడేవారున్నారు. బండి నిలిపి నింపి, ఒక రాత్రి గడిచాక నీటిమట్టం తగ్గకపోతే ట్యాంకు బాగానే ఉన్నట్లు.

మరమ్మతు

పనికి ముందు పంపు స్విచ్చి ఆపి, బయటి నీటి కనెక్షన్ తొలగించి, ఒక కుళాయి విప్పి గొట్టాలలోని పీడనం పోనివ్వాలి.

ట్యాంకును విప్పవలసివస్తే పూర్తిగా ఖాళీచేయాలి. బండిని చదునైన నేలమీద నిలిపి, చక్రాలకు ముందు, వెనుక అడ్డుదిమ్మెలు పెట్టాలి. జాకీమీద మాత్రమే ఆనించి ఉన్న బండి క్రిందికి ఎప్పుడూ వెళ్ళకూడదు. బరువు మోసే స్టాండ్లు తప్పనిసరి. ట్యాంకును మోసే ఇనుప పట్టీలను విప్పేముందు క్రింద దన్ను పెట్టాలి. పట్టీలు తుప్పుపట్టి ఉంటే వాటినీ మార్చాలి, లేనిచో నిండు ట్యాంకు ప్రయాణంలో జారిపడే ప్రమాదముంది.

పాలీఇథిలీన్‌కు సాధారణ జిగురులేవీ గట్టిగా అంటవు. మన ఇళ్ళలో సి.పి.వి.సి. గొట్టాలను అతికే ద్రావకం ఈ ప్లాస్టిక్‌ను కరిగించలేదు. మామూలు ఎపాక్సీ కొన్నాళ్ళకు పెచ్చులుగా లేచిపోతుంది. చిన్న పగులును అదే జాతి ప్లాస్టిక్ కడ్డీతో, వేడిగాలితో కరిగించి అతుకుతారు. ఖాళీచేసే గొట్టం మొదలు విరిగితే దానిని తొలగించి, రబ్బరు వాషర్లతో రెండువైపులా బిగుసుకునే జాయింటును అమర్చవచ్చు. పగులు పొడవుగా ఉన్నా, మూలలో ఉన్నా ట్యాంకును మార్చడమే ఉత్తమం.

పెక్స్ గొట్టం పాడైన భాగాన్ని తగిన కత్తెరతో నిటారుగా కోసి తీసివేస్తారు. గొట్టానికి ముందుగా రాగి రింగు తొడిగి, జాయింటును చివరివరకు చొప్పించి, రింగును గొట్టం అంచునుండి 3 నుండి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి నొక్కుడు పనిముట్టుతో బిగిస్తారు. బిగింపు సరిపోయినదో లేదో కొలపట్టీతో పరీక్షించాలి. ఇరుకైన చోట పనిముట్టు పట్టకపోతే, నెట్టగానే పట్టుకునే జాయింట్లు ఉపకరిస్తాయి. పాత పాలీబ్యుటిలీన్ గొట్టాన్ని పెక్స్‌తో కలపడానికి ప్రత్యేక జాయింట్లు లభిస్తాయి. కాని ఒకచోట పగిలిన పాత గొట్టం మరొకచోట పగలడానికి సిద్ధంగా ఉన్నట్లే కనుక, మొత్తం మార్చడం మేలు.

మరలున్న ప్లాస్టిక్ జాయింట్లను అతిగా బిగించడంవల్లనే చాలా పగుళ్ళు వస్తాయి. వాషరు ఉన్న జాయింటుకు టెఫ్లాన్ టేపు అవసరంలేదు. చేతితో బిగించి కొద్దిగా తిప్పితే చాలు. పంపును మార్చేటప్పుడు దానికి రెండువైపులా మెత్తని గొట్టపు ముక్కలు వాడితే, అదురు గట్టి గొట్టాలకు సోకి జాయింట్లు వదులు కావు.

కొత్త భాగాలు త్రాగునీటికి తగినవై ఉండాలి. అమెరికాలో ఇందుకు ఎన్.ఎస్.ఎఫ్. 61 అనే ప్రమాణం ఉంది. 2014 జనవరి 4 నుండి ఆ దేశంలో త్రాగునీటి గొట్టాలు, కుళాయిలలో నీరు తగిలే భాగాల సీసం సగటున 0.25 శాతానికి మించరాదు.

పని ముగిసిన వెంటనే పలకలు మూసివేయరాదు. ట్యాంకు నింపి, పంపు నడిపి, ప్రతి జాయింటు క్రింద పొడి కాగితం ఉంచి కొన్ని గంటలు వేచి చూడాలి. కాగితం పొడిగా ఉంటేనే మరమ్మతు పూర్తయినట్లు.

శుద్ధి చేయడం

గొట్టాలు విప్పిన తరువాత, నీరు చాలాకాలం నిలువ ఉన్న తరువాత వ్యవస్థను శుద్ధిచేయాలి. ఆగి ఉన్న గోరువెచ్చని నీటిలో లెజియోనెల్లా వంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. ప్రచారంలో ఉన్న కొలత ప్రకారం ప్రతి 15 గాలన్ల ట్యాంకు పరిమాణానికి పావు కప్పు, అనగా 57 లీటర్లకు 60 మిల్లీలీటర్ల చొప్పున, సుమారు 5 శాతం గాఢత, వాసన కలపని బ్లీచి ద్రావణాన్ని ముందుగా నీటిలో కలిపి ట్యాంకులో పోస్తారు. నీటి వడపోత గుళికలను ముందే తీసివేయాలి. ట్యాంకు నింపి, బ్లీచి వాసన వచ్చేవరకు ప్రతి కుళాయిని, వేడినీటివైపు కూడా, విప్పి కట్టివేయాలి. 4 గంటల తరువాత ఖాళీచేసి, వాసన పోయేవరకు మంచినీటితో కడగాలి.

గడ్డకట్టకుండా కాపాడడం

నీరు మంచుగా మారినప్పుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. మూసి ఉన్న గొట్టంలో ఈ వ్యాకోచానికి చోటులేక జాయింట్లు, పంపు తల, వాల్వులు పగులుతాయి. శీతల ప్రాంతాలలో వసంతకాలపు మరమ్మతులు చాలావరకు ముందటి చలికాలంలో మిగిలిన నీటివల్ల వచ్చినవే.

చలికి ముందు ట్యాంకును, వేడినీటి పాత్రను, గొట్టాల అడుగున ఉండే వాల్వులద్వారా గొట్టాలను ఖాళీచేస్తారు. తరువాత తక్కువ పీడనంగల గాలితో ఊదడమో, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసిన గులాబిరంగు ద్రవాన్ని పంపుద్వారా నింపడమో చేస్తారు. కారు ఇంజనులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం. దానిని ఈ గొట్టాలలో ఎన్నడూ వాడరాదు. బండి వెలుపలి స్నానపు గొట్టం, బయటి కనెక్షన్ ద్వారం, పంపు జాలీ తరచు మరచిపోయే భాగాలు.

జాగ్రత్తలు

* వేడినీటి పాత్ర చల్లారి, పీడనం పోయిన తరువాతే దాని అడుగు బిరడా విప్పాలి.
* పాత్రలో నీరు లేకుండా హీటరు వేయరాదు. విద్యుత్తుతో పనిచేసే హీటరులో తాపక కడ్డీ వెంటనే కాలిపోతుంది.
* త్రాగునీటికి వాడే గొట్టాన్ని మురికినీటి పనులకు వాడరాదు.
* బండిని వదలి వెళ్ళేటప్పుడు పంపు స్విచ్చి ఆపాలి. అప్పుడు ఎక్కడైనా గొట్టం పగిలినా ట్యాంకు మొత్తం నేలమీద పారదు.

ఇవి కూడా చూడండి

* పంపు
* పాలీఇథిలీన్
* త్రాగునీరు