ఆరునెలల సూది, అయిదేళ్ళ గుక్క

శంషాబాదు అనగానే ఇప్పుడు అందరికీ విమానాలే గుర్తొస్తాయి. సహజమే. 2008 మార్చిలో బేగంపేట విమానాలు ఇటు మళ్ళిన దగ్గర్నుంచీ ఈ ఊరి ముఖమే మారిపోయింది. నాకు మాత్రం ఇక్కడినుంచి నగరంలోకి వెళ్ళే దారికి పడమటగా ఉన్న హిమాయత్‌సాగరే ముందు గుర్తొస్తుంది. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచేశాక, అలాంటి వరద మళ్ళీ రాకూడదని మూసీ మీద గండిపేట, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగరు కట్టించారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ చెరువులే నగరానికి తాగునీళ్ళూ ఇచ్చాయి. పట్నంలో గత్తరకు పడ్డ మొదటి గట్టి మందు ఆ కుళాయి నీళ్ళేనని నా అభిప్రాయం.

గత్తర అంటే కోస్తావాళ్ళకు వెంటనే తెలియకపోవచ్చు. కలరాకు తెలంగాణా పల్లెల్లో ఉన్న పేరు అది. ఇప్పటికీ తిట్లలో బతికే ఉంది. "నీకు గత్తర రాను" అని ముసలమ్మలు తిడితే మనం నవ్వి ఊరుకుంటాం గానీ, ఆ మాట పుట్టిన రోజుల్లో నవ్వే ధైర్యం ఎవరికీ ఉండి ఉండదు. పొద్దున పొలానికి వెళ్ళిన మనిషి వాంతులూ భేదులతో పొద్దు వాలేసరికి వడిలిపోయి పోయేవాడు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడి కథ కూడా దీంతోనే మొదలవుతుంది. 1813లో ఇక్కడినుంచి ఉజ్జయినికి వెళ్ళిన పటాలంలో సూరిటి అప్పయ్య అనే డోలీ మోసేవాడు ఉండేవాడట. ఊళ్ళో గత్తర చెలరేగిందని విని, అది తగ్గితే నిన్ను మా ఊళ్ళో నిలబెట్టుకుంటానని అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి మొక్కు చెల్లించాడని చెబుతారు. ఇవాళ ఆషాఢంలో బోనమెత్తే వాళ్ళలో ఎందరికి ఆ రోగం గుర్తుంది? పండగ మిగిలింది, గత్తర మరుపున పడింది.

మనుషుల మరుపు సంగతి అలా ఉంచండి. ఒళ్ళు ఎంతకాలం గుర్తుపెట్టుకుంటుందన్నది నేను చెప్పాలనుకున్న సంగతి.

మా చిన్నతనంలో జాతరకో పుష్కరాలకో బయల్దేరితే కలరా సూది తప్పేది కాదు. చెయ్యి వాచేది, ఒళ్ళు కాగేది. పరదేశం వెళ్ళేవాళ్ళ పాట్లు ఇంకో రకం. పాస్‌పోర్టుతోపాటు పసుపుపచ్చ పుస్తకం ఒకటి పట్టుకుని తిరగాలి. సూది పడిన ఆరోరోజు నుంచి అది చెల్లుతుంది, ఆరునెలలు దాటితే చెల్లదు. మళ్ళీ సూది! 1973లో ప్రపంచ ఆరోగ్య సభ ఆ నిబంధనను తీసేసింది. రోగం పోయిందని కాదండీ. ఆ సూది ఒక దేశంలోనుంచి ఇంకో దేశంలోకి కలరాను రాకుండా ఆపలేదని తేలిపోయింది కనుక.

ఆ సూదిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన హాఫ్కిన్ 1892లో దాన్ని ముందు తన ఒంట్లోనే పొడుచుకున్నాడు. తరవాత మనదేశం వచ్చి, 1894లో కలకత్తా బస్తీల్లో జనానికి వేశాడు. అంతటివాడి మందుకు ఆరునెలలే ఆయుష్షు ఎందుకైంది?

కలరా క్రిమి రక్తంలో తిరిగే రకం కాదు. చిన్నపేగు లోపలి గోడను అంటుకుని కూచుని విషం కక్కుతుంది. ఆ విషానికి పేగు ఒంట్లో నీళ్ళన్నీ తోడి బయట పోస్తుంది. ఆ విషాన్ని 1959లో కుందేళ్ళ పేగుల మీద రుజువు చేసినవాడు కలకత్తా డాక్టరు శంభునాథ్ దే. అంతటి పని చేసినవాడికి స్వదేశంలో రావలసిన పేరు రాలేదు, మనకది అలవాటే. సూదిమందు కాపలాదార్లను తయారుచేసేది ముఖ్యంగా రక్తంలో. దొంగ పెరటి గుమ్మంలో ఉంటే కావలి వీధి గుమ్మంలో అన్నమాట.

అందుకే మందును తాగించాలన్న ఆలోచన వచ్చింది. చచ్చిన క్రిముల్ని మింగితే పేగు గోడలో ఉండే రక్షణ కణాలు వాటి రూపురేఖలు నేర్చుకుంటాయి. పేగు జిగురులోకే ప్రతిరక్షకాలను వదులుతాయి. చిత్రమేమిటంటే, మందు తాగినవాళ్ళ రక్తం పరీక్షిస్తే ఏడాది తిరక్కుండానే ప్రతిరక్షకాలు చాలావరకు దిగిపోయి కనిపిస్తాయి. చూసినవాళ్ళు మందు పని అయిపోయిందనే అనుకుంటారు. కానీ పాఠం నేర్చుకున్న కణాలు కొన్ని మూల కూచుని ఉంటాయి. వాటికే జ్ఞాపక కణాలని పేరు. శత్రువు మళ్ళీ వస్తే లేచి, తమలాంటివాళ్ళను వందలుగా పుట్టిస్తాయి. అయితే కలరా కొన్ని గంటల్లోనో అయిదురోజుల లోపలో ముంచేసే రోగం. అవి నిద్రలేచేలోపల రోగి మంచం పట్టడా? ఈ అనుమానం పెద్దవాళ్ళకే వచ్చింది. గాజు గొట్టాలతో తీరే అనుమానం కాదిది. మనుషుల్ని ఏళ్ళతరబడి లెక్కపెట్టాల్సిందే.

ఆ లెక్క కూడా కలకత్తాలోనే జరిగింది, మందు మాత్రం మన హైదరాబాదుది. స్వీడన్‌లో పుట్టిన విద్యను 1980లలో వియత్నాం నేర్చుకుంది. సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థ దాన్ని సరిదిద్ది, వరప్రసాద్ రెడ్డిగారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ చేతికిచ్చింది. 1997లో చవకగా హెపటైటిస్ బి టీకా చేసి చూపిన కంపెనీ అదే. 2006లో కలకత్తా బస్తీల్లో దాదాపు 67 వేలమందికి, సగంమందికి మందూ సగంమందికి ఉత్తుత్తి మందూ, రెండు వారాల ఎడంతో రెండుసార్లు తాగించారు. అయిదేళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు. మందు తాగినవాళ్ళలో కలరా 65 శాతం తక్కువ. అంటే, రావలసిన ప్రతి వందలో అరవై అయిదుగురికి రాలేదు. రక్తం మరిచిపోయినా కడుపు గుర్తుపెట్టుకుందన్నమాట!

షాంకాల్ అనే ఈ గుక్కెడు మందుకు 2009లో మనదేశంలో లైసెన్సు, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికాయి. 2012లో కలరాతో అల్లాడుతున్న హైతీలో సుమారు లక్షమందికి తాగించింది ఈ మందే. ఫ్యాక్టరీ ఊరికి ఉత్తరాన మేడ్చల్‌లో, విమానాశ్రయం దక్షిణపు కొసన మన శంషాబాదులో. ఇలాంటి మందుల కోసం ఇక్కడి సరుకుల విభాగంలో ప్రత్యేకంగా చల్లని గదులున్నాయి. రెండు డిగ్రీలకు తగ్గకుండా, ఎనిమిది దాటకుండా చూడాలి. సూదిమందు కాగితం అడిగే చోటుగా మా తరానికి గుర్తున్న విమానాశ్రయం, మందును బయటికి పంపే చోటయింది.

ఇక మనసు కలుక్కుమనే సంగతి. ఆ అయిదేళ్ళ లెక్కలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు రక్షణ 74 శాతం, అయిదేళ్ళలోపు పిల్లలకు 42 శాతమే. పెద్దల కడుపు ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమిని చూసి ఉంటుంది, టీకా దానికి పాత పాఠం గుర్తుచేస్తుంది. పసివాడికి అదే తొలి పాఠం. బంగ్లాదేశ్‌లో ఒక్క గుక్కతో సరిపెట్టి చూస్తే అయిదేళ్ళలోపు పిల్లలకు దాదాపు ఏమీ ఒరగలేదు. అది తెలిసీ 2022 అక్టోబరులో, ప్రపంచమంతా కలరా చెలరేగి మందు చాలక, ఇద్దరికి చెరొక గుక్క పొయ్యడం ఒకడికి రెండు పొయ్యడంకన్నా మేలని ఒక్క మోతాదుకే దిగారు. ఆ పరిస్థితిలో నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ ఆ సర్దుబాటు భారం పడింది పసివాళ్ళమీదే. ఆపైన, శాంతాను 2009లోనే కొనేసిన ఫ్రెంచి కంపెనీ షాంకాల్ తయారీ ఆపేసింది.

2024 ఆగస్టులో హైదరాబాదుకే చెందిన భారత్ బయోటెక్ హిల్‌కాల్ అని ఇంకో తాగే టీకా తెచ్చింది. మంచిదే. షాంకాల్‌తో పోల్చి, దానికి తీసిపోలేదని తేల్చారు. దేన్ని పోల్చారంటే, రక్తంలో ప్రతిరక్షకాలను! ఏడాదిలో మరిచిపోయే ఆ రక్తాన్నే. తొందరగా తేల్చాలంటే వేరే దారి లేదనుకోండి. పసివాళ్ళ కడుపు ఎన్నేళ్ళు గుర్తుపెట్టుకుంటుందో తెలియాలంటే మాత్రం, కలకత్తాలోలాగా ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని అయిదేళ్ళపాటు బస్తీలో ఇంటింటికీ తిరగాలి.