చూపే ఇల్లు, దాచే ఇల్లు: పారిస్ సినిమాథెక్ కట్టడాల చరిత్ర

సినిమా సంస్కృతికి అంకితమైన భవనాల ప్రస్తావన వచ్చినప్పుడు వాస్తుశిల్ప చరిత్రకారులు పారిస్‌లో బెర్సీ తోట పక్కన ఫ్రాంక్ గెహ్రీ రూపొందించిన సున్నపురాతి కట్టడాన్ని చూపుతారు. 2005 నుంచి సినిమాథెక్ ఫ్రాన్సేజ్ అక్కడే ఉంది. అయితే ఈ సంస్థ చరిత్రలోని అసలు చిక్కు ఆ భవనంలో కనిపించదు. సినిమాను చూపే చోటుకు నగరం నడిబొడ్డు, జనసందోహం, సులభమైన రాకపోకలు కావాలి. దాచే చోటుకు చల్లదనం, పొడితనం, చీకటి, అన్నిటికన్నా ముఖ్యంగా జనావాసాలకు దూరం కావాలి. ఈ రెండూ ఒకే కప్పు కింద ఇమడవని తెలియడానికి సినిమాథెక్‌కు దాదాపు అర్ధశతాబ్దం, రెండు అగ్నిప్రమాదాలు అవసరమయ్యాయి.

కారణం ఫిల్మ్ స్వభావంలోనే ఉంది. 1950ల తొలినాళ్ళ వరకు 35 మి.మీ. చిత్రాలు ప్రధానంగా సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్మ్ మీద ముద్రితమయ్యాయి. తుపాకిమందుగా వాడిన నైట్రో పత్తికి ఇది రసాయనికంగా దగ్గరి చుట్టం. పాతబడి శిథిలమైన రీలు తీవ్రమైన ఎండవేడికే అంటుకోగలదు. మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉన్నందువల్ల నీళ్ళు పోసినా ఆరదు.

1936లో హెన్రీ లాంగ్లవా, జార్జ్ ఫ్రాంజూ తదితరులు సినిమాథెక్‌ను స్థాపించినప్పుడు వారికి సొంత భవనం లేదు. తొలి నిల్వలు ఓర్లీలో, సినిమారంగ వృద్ధుల ఆశ్రమ ఆవరణలోని పాడుబడిన కట్టడంలోకి చేరాయి. ఆ ఆశ్రమంలో జీవిత చరమాంకం గడుపుతున్న జార్జ్ మెలియెస్ చేతికే దాని తాళంచెవి ఇచ్చారు. 1923లో నిరాశతో తన నెగెటివ్‌లను తానే తగలబెట్టుకున్న దర్శకుడు ఇతరుల చిత్రాలకు కాపలాదారు కావడం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

యుద్ధానంతరం చూపే ఇల్లు ఊళ్ళో స్థానాలు మారుతూ పోయింది: 1948లో మెస్సీన్ వీధి, 1955లో ఉల్మ్ వీధి, 1963లో షాయో రాజప్రాసాదం. ప్రేక్షకులు పెరిగారు, ఫ్రెంచి నవతరంగ దర్శకులు ఈ హాళ్ళలోనే సినిమా నేర్చుకున్నారు. దాచే ఇంటిని గురించి మాత్రం అంత శ్రద్ధ కనిపించదు. 1959 జూలైలో కూర్సెల్ వీధిలోని ఆవరణలో పేర్చి ఉంచిన రీళ్ళు మండువేసవిలో అంటుకున్నాయి. 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వం లాంగ్లవాను తొలగించినప్పుడు చూపిన కారణాలలో నిల్వల నిర్వహణ ఒకటి. దర్శకుల నిరసనల వల్ల ఏప్రిల్‌లో ఆయన తిరిగి వచ్చాడు. ఆ ఉద్యమాన్ని సృజన స్వేచ్ఛా విజయంగా చెప్పుకోవడం పరిపాటి. ప్రభుత్వ ఆరోపణ పూర్తిగా నిరాధారం కాదన్న సంగతి ఆ కథనంలో మరుగున పడింది.

లాంగ్లవా కలలు నిల్వగదుల చుట్టూ తిరగలేదు. 1972లో షాయోలో ఆయన తెరిచిన సినిమా మ్యూజియం ఆయన ఊహకు నిజమైన వాస్తురూపం. దుస్తులు, సెట్ల నమూనాలు, యంత్రాలు, ‘సైకో’ చిత్రంలోని తల్లి తల వరకు అన్నీ అక్కడ ఒక ప్రయాణంగా కూర్చబడ్డాయి. ఆయన 1977లో మరణించాడు. 1980 ఆగస్టులో లె పోంతెల్ గోదాములో మరో అగ్నిప్రమాదం పెద్ద సంఖ్యలో రీళ్ళను మింగింది. 1997లో షాయో పైకప్పుకు నిప్పంటుకుంది. మ్యూజియం మళ్ళీ అక్కడ తెరుచుకోలేదు.

బెర్సీ భవనం కూడా సినిమా కోసం పుట్టింది కాదు. అమెరికన్ సెంటర్ అనే సాంస్కృతిక సంస్థకు గెహ్రీ దాన్ని రూపొందించాడు. 1994లో ప్రారంభమై, డబ్బు చాలక 1996లోనే మూతపడింది. సినిమాథెక్ దాన్ని ప్రదర్శన మందిరాలకూ ప్రదర్శనశాలకూ అనువుగా మార్చుకుంది.

రీళ్ళు మాత్రం పారిస్ పశ్చిమాన ఉన్న పాత కోటలకు చేరాయి. ప్రభుత్వ చలనచిత్ర కేంద్రం 1969లో బ్వా దార్సీ సైనిక స్థావరంలో తన భాండాగారాన్ని నెలకొల్పింది. సినిమాథెక్ సొంత నిల్వలు సేన్-సీర్ కోటలో ఉన్నాయి. రెండూ 1870 యుద్ధం తరువాత కట్టినవే. నైట్రేట్ భాండాగారానికి కావలసిందీ అలాంటి కట్టడమే: మందపు గోడలు, చిన్న చిన్న గదులు, ఒక గది నిప్పు పక్క గదికి పాకని ఏర్పాటు, మంట పీడనం బయటికి పోయే దారి. ఆయుధాగారం కట్టే ఇంజనీరుకు తెలిసిన ఈ విద్యను చలనచిత్ర సంరక్షకులు ఆలస్యంగా గుర్తించారు. గెహ్రీ పేరు అందరికీ తెలుసు. కోటలకు రూపమిచ్చిన ఇంజనీర్లను ఎవరూ తలచుకోరు.

భారతదేశంలోనూ ఇదే విభజన కనిపిస్తుంది. 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది. పి. కె. నాయర్ దశాబ్దాల పాటు రీళ్ళు సేకరించాడు. ఫాల్కే ‘కాళీయ మర్దన్’ నిలిచింది ఆయన వల్లనే. కానీ 2003 జనవరి 8న పూర్వపు ప్రభాత్ స్టూడియో ప్రాంగణంలోని నైట్రేట్ గోదాము కాలిపోయింది. చూపే ఇల్లు మాత్రం ముంబయిలో వెలిసింది: గుల్షన్ మహల్ అనే పాత భవంతిలో, దాని పక్కన కట్టిన కొత్త కట్టడంలో జాతీయ సినిమా మ్యూజియం 2019 జనవరిలో ప్రారంభమయింది. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో నిర్మించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) గురించి మ్యూజియంలో చెప్పవచ్చు గాని చూపడం సాధ్యం కాదు. ఆ చిత్రం విడుదలైన 43 ఏళ్ళకు గాని దేశంలో రీళ్ళు దాచే జాతీయ సంస్థ పుట్టలేదు. దాని ప్రతి ఒక్కటీ మిగలలేదు.