మన్యంలో అప్పు, మైదానంలో డిక్రీ

1874లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. ఐదేళ్లకు, 1879లో, రంప పితూరీ ఇక్కడికీ పాకింది. పోడు మీద పెంచిన పన్ను, కల్లు మీద ఆంక్షలు, రంప మన్సబుదారు దోపిడీ గురించి చరిత్రకారులు విరివిగానే రాశారు. అప్పుల సంగతి అంతగా చర్చకు రాదు. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్లతో ఒప్పందాలు చేసుకొని, దూరాన ఉన్న కోర్టుల్లో దావా వేసి, ప్రతివాది హాజరు కాలేదని ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకునేవారు. కొద్దిపాటి బాకీకి పశువులను తోలుకుపోయేవారు, పంట ఎత్తుకుపోయేవారు. కాగితం మీద చూస్తే వ్యాపారిది తప్పు కాదు. అప్పు తీసుకున్న మాట నిజం, ఒప్పందం నిజం, డిక్రీ నిజం. తీసుకున్నవాడే కట్టాలన్న సూత్రాన్ని, ఇచ్చినవాడి బలమెంతో తీసుకున్నవాడి బలమెంతో చూడకుండా అమలుచేస్తే ఏమవుతుందో ఈ అడవి చూసింది.

ఆ పాఠం చట్టం కావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం ప్రకారం గిరిజనుడి అప్పు మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ అసలే చెల్లదు. ఎన్నేళ్లు గడిచినా మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. ఈ చట్టం అప్పును రద్దు చేయలేదు, అసలు కట్టవలసిందే. కానీ బాధ్యతలో కొంత అప్పిచ్చినవాడి మీదా ఉందని ఒప్పుకుంది. గోదావరికి నిజాం ఏలుబడిలోని ఒడ్డున ఈ చట్టం లేదు. అక్కడి కొండరెడ్లు కలప వ్యాపారుల అడ్వాన్సులకు ఎలా కట్టుబడిపోయారో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో అచ్చయిన తన పుస్తకంలో వివరంగా రాశాడు.

ఇంత జరిగినా, కోయలూ రెడ్లూ పండగలకూ తాగుడుకూ అప్పు చేసి ఎగ్గొడతారన్న మాట షావుకార్ల నోట ఆగలేదు. ఒకసారి మాఫీ చేస్తే మళ్లీ కట్టరన్న వాదనకు మూలం అదే. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న రైతుల, వ్యవసాయ కూలీల, చేతివృత్తులవారి ప్రైవేటు బాకీలను చట్టం ద్వారా రద్దు చేసింది. మంచి పనే. కానీ పాత నోటు చించేసినంత మాత్రాన వచ్చే వానాకాలానికి గింజలు రావు. ఇంకెక్కడా అప్పు పుట్టకపోతే మనిషి మళ్లీ అదే గుమ్మం ఎక్కుతాడు. అలా ఎక్కడం గుణలోపం కాదు, దారి లేకపోవడం. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ చింతపండు, జిగురు కొనడంతోపాటు అప్పులివ్వడం కూడా తన పనిగా పెట్టుకున్నది అందుకే.

నేటి చదువు అప్పుల మాఫీని కూడా ఈ వెలుగులోనే చూడాలి. అమెరికాలో బైడెన్ ప్రభుత్వం 2022లో ఒక్కొక్కరికి 10 వేల డాలర్లు, పేద విద్యార్థులుగా పెల్ గ్రాంటు పొందినవారికి 20 వేల డాలర్ల దాకా మాఫీ ప్రకటిస్తే, మరుసటి జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. మన దగ్గర దారి వేరు. మెట్రిక్ తర్వాతి చదువుకు ఉపకార వేతనాలు దళితులకు 1944లో, గిరిజనులకు 1948లో మొదలయ్యాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. అంటే పేదపిల్ల చదువు ఖర్చు ప్రభుత్వానిదేనని ఎప్పుడో ఒప్పుకున్నాం. ఆ మాట నిలబెట్టుకోని చోటే చిక్కు. ప్రభుత్వం సొమ్ము విడుదల చేయక బకాయి పెడితే కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది, వాటి కోసం తండ్రి వడ్డీకి తెస్తాడు. బాకీపడ్డది ప్రభుత్వం, వడ్డీ కట్టేది చర్లలోనో దుమ్ముగూడెంలోనో ఉన్న కుటుంబం.

కాలేజీ మొహం చూడని పోడు రైతు ఇంజనీరు చదువుకు ఎందుకు కట్టాలని అడిగేవారున్నారు. మాఫీ మీద వచ్చే అభ్యంతరాల్లో బరువైనది ఇదే. మాఫీ అంటే డబ్బు మాయం కావడం కాదు, ఎవరో ఒకరు కట్టవలసిందే. రామదాసు బాకీని రాముడే వచ్చి తీర్చాడని చెప్పుకునే భద్రాచలానికి ఇది కొత్త సంగతి కాదు. అందుకే అందరి అప్పునూ ఒక్క దెబ్బతో కొట్టేయడం కంటే, సంపాదన వచ్చాకే, ఆదాయాన్ని బట్టి వసూలు చేసే ఆస్ట్రేలియా పద్ధతి న్యాయమని నా అభిప్రాయం. 1989 నుంచి అక్కడ అది నడుస్తోంది. బాగా సంపాదించినవాడు కట్టాలి, ఉద్యోగం రానివాడి గుమ్మం ముందు ఎవరూ నిలబడకూడదు. మన ప్రభుత్వాలు ముందు ఫీజు బకాయిలు తీర్చాలి, బాకీ పేరుతో సర్టిఫికెట్లు ఆపడాన్ని నేరంగా చూడాలి. వడ్డీ అసలును దాటకూడదని 1917లో మన్యానికి పెట్టిన హద్దును ప్రతి విద్యారుణానికీ పెట్టాలి.