కిరసనాయిలు దీపాల గాజు వైభవం

1859 ఆగస్టు 27న అమెరికాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ వేయించిన బావిలో 69 అడుగుల లోతున చమురు పడింది. కిరసనాయిలు అంతకు ముందే ఉంది. ల్వోవ్ నగరంలో మందులు తయారుచేసే ఇగ్నాసీ లుకాషేవిచ్ 1853లోనే దానితో వెలిగే దీపం చేయించాడు. ఆ ఏడాది జూలై 31న అక్కడి ఆసుపత్రిలో ఒక శస్త్రచికిత్స ఆ వెలుగులోనే జరిగింది. అయితే కిరసనాయిలు సామాన్యుడి ఇంటికి చేరింది డ్రేక్ బావి తర్వాతే. అంతదాకా దీపాల్లో పోసిన తిమింగలం నూనెకు గిరాకీ పడిపోయింది.

గాజు కార్ఖానాలకు మాత్రం పంట పండింది. కిరసనాయిలు పాత దీపపు నూనెల్లా చిక్కన కాదు, వత్తి వెంట ఇట్టే పైకెక్కుతుంది. అందుకే బుడ్డిని మంటకు బాగా దిగువన, పొడవాటి కాడ మీద నిలిపే వీలు చిక్కింది. బుడ్డి గాజుదైతే నూనె ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది. పైగా, కరిగిన గాజును అచ్చులో పోసి మరతో నొక్కే పద్ధతి అమెరికాలో 1820లలోనే కుదురుకుంది. మసాచుసెట్స్‌లోని శాండ్‌విచ్‌లో 1825లో డెమింగ్ జార్వెస్ పెట్టిన కార్ఖానా 1888లో మూతపడింది. అక్కడివారు రంగు గాజు మీద తెల్ల గాజు పొర వేసి, పై పొరను అక్కడక్కడా కోసి లోపలి రంగును బయటికి తెచ్చేవారు. సేకర్తలు ఇప్పటికీ ఆ దీపాల కోసం పోటీపడతారు.

బొగ్గు దండిగా దొరికే పిట్స్‌బర్గ్ కూడా రంగంలోకి దిగింది. అక్కడి డేనియల్ రిప్లీ 1870లో పేటెంటు పొందిన 'పెళ్లి దీపం'లో ఒకే కాడ మీద రెండు బుడ్లు, మధ్యలో అగ్గిపుల్లల గిన్నె ఉంటాయి.

ఈ వైభవం వెనక ప్రమాదమూ ఉంది. అప్పట్లో కొనేవాడు లేని నాఫ్తాను కొందరు వ్యాపారులు కిరసనాయిల్లో కలిపేసేవారు. దీపాలు పేలి ఇళ్లు తగలబడ్డాయి.

దీపం వయసు తేల్చడం ఓ విద్య. బర్నర్‌ మీద పేటెంటు తేదీ కనబడగానే నమ్మకూడదు. బర్నర్లను, చిమ్నీలను ఎవరైనా ఎప్పుడైనా మార్చి ఉండవచ్చు. గాజు నమూనాను, బుడ్డి మెడకున్న ఇత్తడి పట్టీని, కాడ అతికిన తీరును కలిపి చూడాలి. 1976లో కేథరీన్ థూరో ప్రచురించిన 'ఆయిల్ ల్యాంప్స్' సేకర్తలకు పెద్ద దిక్కయింది. పేర్లు కూడా మోసం చేస్తాయి. రెండు గుండ్రటి గాజు గోళాల దీపాలను 'గాన్ విత్ ద విండ్' దీపాలంటారు. 1939 నాటి అదే పేరున్న సినిమా కథ 1860ల అమెరికా అంతర్యుద్ధంతో మొదలవుతుంది. ఆ తరహా దీపాలు మాత్రం 1880ల తర్వాతే వాడుకలోకి వచ్చాయి.

1879లో ఎడిసన్ బల్బు వెలిగినా గాజు దీపం వెంటనే ఆరిపోలేదు. అమెరికా పల్లెల్లో చాలామంది రైతుల ఇళ్లకు 1930ల దాకా కరెంటు లేదు. 1909లో అమ్మకానికొచ్చిన అల్లాదీన్ మ్యాంటిల్ దీపాలు ఆ ఇళ్లనే నమ్ముకున్నాయి.

మీ అటక మీద పాత గాజు దీపం ఉంటే బల్బు తీగ కోసం దానికి బెజ్జం వేయించకండి. వేస్తే సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది. మెడపట్టీని నీళ్లలో నానబెట్టకండి, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టర్ వదులవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.